రెండు కంప్యూటర్లలోనూ ఉన్న మాట

ఒరే జోసెఫూ,

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మన చర్చి కంప్యూటరుకి పూల గుడ్డతో ముసుగు కుట్టించడమైనది. కుట్టించినోడు ఇంకెవడు, నీ ఇంకో నేస్తం ప్రకాశమే.

నువ్వు పోయి ఏడాదయింది. నువ్వు రాసుకున్న కబుర్లు కొన్ని చర్చిలోని పాత డాస్ కంప్యూటర్లో, కొన్ని అనకాపల్లిలో మీ తమ్ముడి షాపులోని విండోస్ దాంట్లో ఉండిపోయేయి కదా. ప్రకాశం వారం వారం ఫ్లాపీ జేబులో పెట్టుకుని బస్సెక్కి, ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో ఎక్కిస్తన్నాడు.

"ఏటి సత్తిబాబు బావా, ఎక్కడ సూసినా నా పేరే! నీ పేరు ఇంతవరకు ఒక్కసోటా తగల్లేదు" అని నాతో అన్నాడు. ఆడి మీసం పీకాలనిపించింది. నలభై ఏళ్ళు నిన్ను నవ్వించింది నేను, పేరు ఆడిదా?

నిన్న నీ జ్ఞాపకార్థ కూటంలో ఆడే లేచి, నువ్వు రాసిందంటూ కాయితం చదివేడు: "సత్తిబాబు లేకపోతే నాకు నవ్వే రాదు."

మీ ఆవిడ ఏడ్చింది. "రెండు కంప్యూటర్లలోనూ ఉంది, నేనే సరిచూసేను" అన్నాడు ప్రకాశం, మొహం మాడ్చుకుని. అందరూ వచ్చి నా వీపు నిమిరేరు.

ఒరే, ఆ మాట నువ్వు రాయలేదు. పోయిన వారం ప్రకాశం ఫ్లాపీ పెట్టకముందే, చర్చి కంప్యూటర్లో ఒక్క వేలితో నేనే కొట్టేను.