వేపచెట్టు కింది తువ్వాలు

చిక్కడపల్లి,
4 మార్చి 2012.

'చిక్కడపల్లి కబుర్లు' పత్రిక నడిపే వీరరాఘవరావు గారికి, మూడో అంతస్తు నుంచి త్రివేణి నమస్కారాలు.

"మన చుట్టుపక్కల ఏ పార్కు మంచిది? రాసి పంపండి. మంచి ఉత్తరానికి స్టీలు టిఫిన్ డబ్బా" అని మీ పత్రికలో చదివాను. నేను ఐదో తరగతి వరకే చదివాను. నాకు మనుషులతో మాట్లాడాలంటే భయం గానీ, రాయాలంటే అంత లేదు. కాగితం తిరిగి చూడదు కదా.

మా అత్తమ్మ ఆశమ్మగారికి మోకాలి నొప్పి. రోజూ నడవాలని డాక్టరు చెప్పాడు. మూడు నెలలుగా ఆమెను నేనే తీసుకెళ్తున్నాను. మా ఆయన నారాయణగూడలో ఫ్యాన్లు బాగుచేసే దుకాణానికి వెళ్ళిపోతారు. పెళ్ళయి రెండేళ్ళయింది, ఈ ఊళ్ళో నేను చూసినవి పార్కులే. అత్తమ్మ నడక మానేస్తే నాదీ ఆగిపోతుంది. మళ్ళీ రెండు గదులు, ఒక కిటికీ. అందుకే మంచి పార్కు దొరకడం ఆమె మోకాలికంటే నాకే ఎక్కువ అవసరం.

మొదట ఇందిరా పార్కుకు వెళ్ళాం. ఎన్ని చెట్లో! అత్తమ్మ గేటు దగ్గరే నిలబడిపోయి, "ఇది పార్కా, జిల్లానా? దీన్ని తిరిగొచ్చేసరికి నాకు పింఛనొస్తది" అంది.

తర్వాత నారాయణగూడ ఫ్లైఓవర్ దిగాక ఉన్న చిన్న పార్కు. పూలు బాగున్నాయి గానీ బెంచీలన్నీ ఎండలో ఉన్నాయి, కుళాయిలో చుక్క లేదు. "ఈడ కూసుంటే అప్పడం లెక్క ఏగుత" అంది.

మూడోది అశోక్‌నగర్‌లో వేపచెట్ల పార్కు. అక్కడ ఒక బెంచీ మీద పది దాకా నీడ ఉంటుంది. అయితే పేపర్లు పట్టుకుని పెద్దవాళ్ళు పదింటి దాకా అక్కడే ఉంటారు. "జరగండి" అని అడగడం నాకు చేతకాదు. దానికి ఒక ఉపాయం చేశాను, అది రాసేంత గొప్పదేమీ కాదు. ఇంకొక కష్టం, ఆడవాళ్ళ బాత్రూంకు ఎప్పుడూ తాళం. అందుకని అత్తమ్మ ఒక చుట్టు తిరగగానే ఇంటి దారి పడుతుంది. ఆ తాళం తీస్తే ఊళ్ళో ఇదే మొదటి పార్కు.

ఇట్లు,
త్రివేణి.

తా.క.: డబ్బా రెండు గిన్నెలదా, మూడు గిన్నెలదా?

*

చిక్కడపల్లి,
10 మార్చి 2012.

శ్రీమతి త్రివేణి గారికి ఆశీస్సులు.

మీ ఉత్తరం దివ్యంగా ఉంది. వచ్చే సంచికలో అచ్చు వేస్తున్నాను. మీ వేపచెట్ల పార్కు ఏదో మాత్రం పోల్చుకోలేకపోయాను. అశోక్‌నగర్‌లో వేపచెట్టు లేని పార్కు ఏదండీ? మీ పేటవాళ్ళు ఒక పేరుతో పిలుస్తారు, మేము ఒకటి అంటాం, బోర్డు మీద మూడోది ఉంటుంది. నేనూ మా కాలనీ పార్కు నడక సంఘానికి కార్యదర్శిని. కాబట్టి మీ బాధలు నాకు తెలిసినవే.

మీ బంధువర్గానికి నా నమస్కారాలు తెలుపగలరు.

భవదీయుడు,
వీరరాఘవరావు.

తా.క.: డబ్బా మూడు గిన్నెలది.

మరో తా.క.: మీది చిన్న కష్టమమ్మా. నాది చూడండి. పదకొండేళ్ళుగా నేను కూర్చుంటున్న బెంచీ మీద ఈ మధ్య రోజూ తెల్లవారేసరికి ఒక తెల్ల తువ్వాలు పరిచి ఉంటోంది. తీసి పక్కన పెడదామని చెయ్యి చాచానా, అంచున నీలం దారంతో ఇంగ్లీషులో నేసి ఉంది: గవర్నమెంట్ గెస్ట్ హౌస్! ముప్ఫై మూడేళ్ళు సర్కారు కొలువు చేసినవాణ్ణి. ముద్ర ఉన్న వస్తువును కదిలిస్తానా? ఎవరో చాలా పెద్ద సారు మా పార్కుకు రహస్యంగా వస్తున్నారు.

*

చిక్కడపల్లి,
18 మార్చి 2012.

వీరరాఘవరావు గారికి త్రివేణి నమస్కారాలు.

మీ బెంచీ సంగతి చదివి బాధపడ్డాను. పెద్దవాళ్ళ వస్తువులు ముట్టుకోకపోవడమే మంచిది. వాళ్ళకు బదిలీలు అవుతుంటాయి కదా, కొన్నాళ్ళు ఓపిక పట్టండి.

మా పార్కులో మాత్రం రోజులు మారాయి. బెంచీకి పచ్చ రంగు వేశారు. మేము వెళ్ళేసరికి మాలీ తుడిచి పెడతాడు. నిన్న అత్తమ్మకు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, రెండు చేతులతో ఇచ్చాడు. పేపర్ల పెద్దమనుషులు ఏడున్నరకే వెళ్ళిపోతున్నారు. ఎండలు ముదిరాయి కాబోలు.

అత్తమ్మ రోజుకు నాలుగు చుట్లు తిరుగుతోంది. "చూసినవా, మనిషిని చూడంగనే తెలుస్తది. నా మొఖంల ఏదో ఉన్నది" అంటోంది. మొన్న అద్దంలో చూసుకుంది కూడా.

ఇట్లు,
త్రివేణి.

తా.క.: మా ఉపాయం కూడా తువ్వాలే సార్. పాలకు వెళ్ళేటప్పుడు బెంచీ మీద పరిచి పారిపోయి వస్తాను. మళ్ళీ ఎనిమిదింటికి అత్తమ్మతో వెళ్తాను. బస్సులో కిటికీలోంచి వేస్తాం కదా, అలాగే. మాది మామూలు తువ్వాలు. మా ఆయన అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద జత కొన్నారు.

*

చిక్కడపల్లి,
28 మార్చి 2012.

చిరంజీవి సౌభాగ్యవతి త్రివేణికి ఆశీస్సులు.

అమ్మాయ్, నువ్వు కూడా తువ్వాలు వేస్తున్నావా! కానీ ఒక మాట చెబుతాను, బాధపడకు. ఫుట్‌పాత్ తువ్వాలుకు ఈ మహిమ రాదు.

మా పార్కు ఎలా వెలిగిపోతోందో చూడు! సారు కంట పడకూడదని ముళ్ళకంపలు కొట్టించాం. రెండు లైట్లు వెలిగాయి. సారు వేళకు గుంపుగా కనపడకూడదని ఏడున్నరకే అందరం ఇళ్ళకు వెళ్ళిపోతున్నాం. ఇంతకీ ఆయన ఎవరో తేలలేదు. ఒకరు కలెక్టరు అంటారు. ఇంటెలిజెన్స్ అని నా నమ్మకం. చప్పుడు లేకుండా తువ్వాలు వేసి మాయమయ్యే విద్య ఇంకెవరికి వస్తుంది?

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. మాలీ పీరయ్య వార్త తెచ్చాడు. ఎనిమిదింటికి సారు తల్లిగారు స్వయంగా వచ్చి వేపచెట్టు కింద కూర్చుంటున్నారట! ఏమి హుందా అట! మేము రంగు వేయించిన పచ్చ బెంచీ నచ్చిందట. పీరయ్య ఇచ్చిన మంచినీళ్ళు కూడా పుచ్చుకున్నారట. వెంట ఒక పనిపిల్ల వస్తుందట. తల ఎత్తదట, నోరు విప్పదట, చెప్పులు కూడా చప్పుడు చేయవట. పెద్దింటి శిక్షణంటే అదీ!

ఆ తల్లి కోసం నాలుగేళ్ళుగా మూసి ఉన్న ఆడవాళ్ళ బాత్రూం తెరిపించాం. తాళంచెవి దొరక్కపోతే తాళమే పగలగొట్టాం.

ఏప్రిల్ 8, ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఆ తల్లిగారికి శాలువా కప్పి సన్మానం. అదే సభలో నీ డబ్బా కూడా ఇస్తాను. మీ అత్తగారిని వెంటబెట్టుకుని తప్పక రావాలి.

భవదీయుడు,
వీరరాఘవరావు.

తా.క.: సారు తల్లిగారి ముందు మాత్రం ఆ బదిలీ మాట ఎత్తవద్దు.

*

చిక్కడపల్లి,
2 ఏప్రిల్ 2012.

వీరరాఘవరావు గారికి త్రివేణి నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తర్వాత తువ్వాలు తీసుకెళ్ళి మా ఆయనకు చూపించి, ఈ అక్షరాలేమిటని అడిగాను. ఆయన చదివి చెప్పారు. "పాతవైతే అమ్మేసి ఉంటరు. గట్టిగున్నయని కొన్న. ఏమయింది?" అన్నారు.

సార్, ఆ పనిపిల్లను నేనే.

ఆ తల్లిగారు మా అత్తమ్మ. ఆ సారు ఫ్యాన్లు బాగుచేస్తారు. నేను ఇంటెలిజెన్స్ కాదు. ఎవరైనా చూస్తే ఏమంటారోనని పరుగెత్తేదాన్ని, అంతే. ఆ అక్షరాలు కంపెనీ పేరనుకున్నాను.

మీ బెంచీ లాక్కున్నందుకు క్షమించండి. కానీ సన్మానం వద్దు సార్. తన ముఖం చూసే నీళ్ళు ఇస్తున్నారని అత్తమ్మ నమ్ముతోంది. అందరి ముందూ నిజం బయటపడితే ఆమె మళ్ళీ గడప దాటదు. ఆమె దాటకపోతే నేనూ దాటను. ఏం చేయాలో మీరే చెప్పండి.

ఇట్లు,
త్రివేణి.

తా.క.: నా చెప్పులు చప్పుడు చేయకపోవడం శిక్షణ వల్ల కాదు. అవి అరిగిపోయాయి.

*

చిక్కడపల్లి,
5 ఏప్రిల్ 2012.

అమ్మా త్రివేణీ,

మీ ఆయన దుకాణానికి ముందు నా తలను పంపాలి, అది తిరుగుతోంది.

నలభై కుర్చీలు చెప్పేశాం. శాలువా కొనేశాం. సన్మానపత్రం అచ్చయింది, అందులో 'పుత్రరత్నము' అని రెండు చోట్ల ఉంది. నేను ఇప్పుడు ఏ ముఖంతో చెప్పను? ఆలోచించి ఒక దారి కనిపెట్టాను. సారుకు ఢిల్లీ బదిలీ అయిందని కబురు పంపుతాను. ఆదివారం మీరిద్దరూ రావద్దు. కొన్నాళ్ళు వేరే పార్కు చూసుకోండి.

ఒకటే విచారం. సారు లేరంటే మా సంఘం కమిటీవాళ్ళు బాత్రూంకు మళ్ళీ తాళం వేస్తారు. ఎవరు కడగాలన్న పేచీ నాలుగేళ్ళ నాటిది.

భవదీయుడు,
వీరరాఘవరావు.

తా.క.: ఆదివారం నాకు జ్వరం వచ్చేలా ఉంది.

*

చిక్కడపల్లి,
8 ఏప్రిల్ 2012, సాయంత్రం.

వీరరాఘవరావు గారికి త్రివేణి నమస్కారాలు. జ్వరం ఎలా ఉంది?

మీరు రాలేదు కాబట్టి జరిగింది రాస్తున్నాను. మీ బదిలీ కబురు సభకు అందలేదు. పీరయ్యకు చెప్పి పంపారట కదా, అతను నమ్మలేదు. "నిన్ననే అమ్మగారికి నీళ్లిచ్చిన, ఢిల్లీ ఎట్ల వోతది?" అన్నాడట.

నేను ఇంట్లోనే ఉందామనుకున్నాను. సన్మానం సంగతి పీరయ్య ముందే చెప్పాడట, ఏడింటికే అత్తమ్మ జరీ అంచు చీర కట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. "నడువు" అంది.

"అత్తమ్మా, వాళ్ళు మనల్ని వేరే ఎవరో అనుకుంటున్నరు" అని ఎలాగో చెప్పాను.

"నాకెర్కనే. పీరయ్య ఎప్పుడో అడిగిండు, అమ్మా, మీ కొడుకు పెద్ద ఆఫీసరా అని. అవునన్న."

"అబద్ధం కదా!"

"ఏంది అబద్ధం? నా బాలకిషన్ నాకు పెద్ద ఆఫీసరే. ఏ డిపార్ట్‌మెంటో వాడు అడగలే, నేను చెప్పలే."

మరి పొద్దున లేచిన దగ్గర్నుంచి మూడుసార్లు అద్దం ఎందుకు చూసుకుందో నేను అడగలేదు.

పార్కులో నలభై కుర్చీలూ నిండిపోయాయి. వేపచెట్టు కింద ఆడవాళ్ళు ఇరవై మంది ఉంటారు. బాత్రూం తెరిచాక రావడం మొదలుపెట్టినవాళ్ళట. శాలువా పట్టుకుని కమిటీ పెద్దాయన అత్తమ్మ దగ్గరికి వచ్చి, నాతో "అమ్మాయ్, పక్కకు జరుగు, ఫోటోకు అడ్డం" అన్నాడు.

అత్తమ్మ లేచింది. "ఎవరిని జరగమంటున్నవ్? ఈమె నా కోడలు. ఆ తువ్వాలు ఏసిందే ఈమె. శాలువా ఆమెకు కప్పుండ్రి. చెప్పు బిడ్డా, చెప్పు" అని నన్ను ముందుకు తోసింది.

సార్, నా జన్మలో అంతమంది నన్ను చూడలేదు. ఆడవాళ్ళ వైపు మాత్రమే చూస్తూ అన్నీ చెప్పాను. ఆఫీసరు లేడనీ, తువ్వాలు అబిడ్స్ ఫుట్‌పాత్‌దనీ, జరగమని అడగలేక పరిచాననీ. అప్పుడు పీరయ్య మెల్లగా అడిగాడు: "గట్లయితే బాత్రూంకు మళ్ల తాళమెయ్యాల్నా సార్?"

కమిటీ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపు నేనే అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట!

"తువ్వాలు జత కొన్నాం సార్. రెండోది ఇంట్లో ఉంది. తాళం వేస్తే దాన్ని తాళం మీదే ఆరేస్తాను."

మొదట అత్తమ్మ నవ్వింది, తర్వాత ఆడవాళ్ళందరూ. చివరికి కమిటీ పెద్దాయన కూడా. తాళం వేయరు సార్. ఆదివారాలు కడిగే వంతులు అక్కడికక్కడే రాసేశారు, మొదటి వంతు కమిటీది. శాలువా నాకే కప్పారు. డబ్బా కూడా ఇచ్చారు. మీ పత్రికలో మొదటి మంచి పార్కుగా మాదే వేయండి. అది మీదే కదా.

ఇంటికి వచ్చేటప్పుడు అత్తమ్మ రోడ్డు చకచకా దాటేసింది. మోకాలు నొప్పి లేదా అని అడిగాను. "పోయిన నెలనే తగ్గింది. డాక్టరు ఇంక చాలన్నడు. నీకు చెప్తే ఇల్లు దాటుతవా?" అంది. నేను చెప్పులు చప్పుడయ్యేలా నడిచాను.

ఇట్లు,
త్రివేణి, కోడలు.

తా.క.: మీ బెంచీలో మీ వైపు సగం ఖాళీగా ఉంచాం. జ్వరం తగ్గాక రండి. అత్తమ్మ "జరగండి" అంటే జరగాలి.

మరో తా.క.: నారాయణగూడ పార్కు వాళ్ళు సభకు వచ్చారు. వాళ్ళ కుళాయి ఎండి ఏడాదయిందట, రెండో తువ్వాలు నాలుగు రోజులు ఇవ్వమన్నారు. రేపు పొద్దున నేనే వెళ్ళి పరిచి వస్తున్నాను. ఈసారి పారిపోను.