ముల్లు నిలిచేదాకా

ఆగస్టు 8. పొద్దున్నుంచి ముసురు. దుకాణంలోకి నీళ్ళు రాకుండా గుమ్మానికి గోనెపట్టా అడ్డం వేశాను.

చిరంజీవి బావమరిదికి దీవెనలు.

నువ్వు రక్తపరీక్షల ల్యాబులో ఉన్నావు కనుక అడుగుతున్నాను. ఫోనులో అడిగితే మీ అక్క వింటుంది. జులై 22న ఒక ఆస్పత్రిలో చెత్త తూచే కాటా బాగుచేస్తుంటే, పళ్ళెం కింద ఇరుక్కున్న వాడేసిన సూది వేలికి గుచ్చుకుంది. హెచ్‌ఐవీ సోకకుండా డాక్టరు ఇరవై ఎనిమిది రోజులకు మాత్రలిచ్చారు, రోజుకొకటి. ఇవాళ్టిది పద్దెనిమిదోది. ఆరు వారాలకు ఒక పరీక్ష, మూడు నెలలు నిండాక ఇంకోటి అన్నారు.

తూచేముందు పళ్ళెం ఖాళీగా ఉండాలి. ఒంట్లో వేరే మందులుంటే పరీక్ష తప్పు చూపిస్తుందని బీపీ మాత్ర, దగ్గు మందు, మోకాలి తైలం ఆపేశాను. ఇంకేమైనా ఆపాలా? జవాబు దుకాణం పేరున రాయి.

మీ బావ

తా.క. మీ అక్కకు తెలియకూడదు. కాటాలకు కాపలా అని చెప్పి మంచం ముందుగది దుకాణంలోకి మార్చాను. పళ్ళపొడి కూడా ఆపాను. మీ అక్క రెండడుగులు దూరంగా నిలబడి మాట్లాడుతోంది. రహస్యానికి అదీ మంచిదే.

ఆగస్టు 11

బావగారికి నమస్కారాలు.

ముందు బీపీ మాత్ర వేసుకోండి. మేం వెతికేది వైరస్‌నూ, దాని మీద ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీలనూ. మీ దగ్గు మందుకు అక్కడ పనేం లేదు. పరీక్షను కాస్త కదిపేవి ఆ ఇరవై ఎనిమిది మాత్రలే. ఒకవేళ సోకినా, వాటివల్ల రక్తంలో కనబడ్డం ఆలస్యం కావచ్చు. మూడు నెలలన్నది అందుకే. ఒకే కంచంలో తిన్నా, ఒకే గదిలో పడుకున్నా అంటదు.

మీ బావమరిది

తా.క. తైలం మోకాలికి రాస్తారు బావగారూ, తాగరు. పళ్ళపొడి సంగతికి నాకింకా మాటలు దొరకలేదు.

ఆగస్టు 13. ఎండ. బస్తాల కాటాకు నూనె వేశాను.

చిరంజీవి బావమరిదికి.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అంటే ఈ మాత్రలే పళ్ళెం మీద వేలు. అంగళ్ళలో తూకం మార్చే అలాంటి వేళ్ళను ముప్పై ఏళ్ళుగా పట్టుకుంటున్నవాణ్ణి, నా తూకంలో ఎలా ఉంచుకోను? ఇవాళ్టితో ఇరవై మూడు. రేపటినుంచి ఆపేస్తాను. తప్పుడు తూకం నమ్ముకుని మీ అక్క పక్కకు వెళ్ళలేను.

మీ బావ

తా.క. బీపీ మాత్ర, పళ్ళపొడి మొదలుపెట్టాను. మీ అక్క ఒక అడుగు దగ్గరికొచ్చింది.

ఆగస్టు 16

బావగారూ,

నమస్కారాలు తర్వాత చెబుతాను. ఆపొద్దు. ఆపి ఉంటే ఈ ఉత్తరం అక్కడే పడేసి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అవి పళ్ళెం మీద వేలు కాదు. బరువు పళ్ళెంలో పడకుండా పట్టుకున్న చెయ్యి. ఆ చెయ్యి తీశాక కాటా ముల్లు కొంతసేపు ఊగుతుంది, అంతే. ముల్లు నిలిచేదాకా అంకె చదవొద్దని మీరే చెప్పేవారు కదా.

మీ బావమరిది

తా.క. మీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. అయిదోసారి అక్క ఎత్తింది. "ఆయన బాగానే ఉన్నారు, కంగారుపడకు" అంది. నేను కంగారుపడుతున్నానని చెప్పనే లేదు.

అక్టోబరు 24. చల్లగాలి. దుకాణం ఊడ్చాను.

చిరంజీవి బావమరిదికి దీవెనలు.

మూడు నెలల పరీక్ష కాగితం పొద్దున వచ్చింది. ఏమీ లేదు. ఆరు వారాలదీ అంతే.

ఒక సంగతి నీకు రాయలేదు. మాత్రలు ఆపుతానన్న రాత్రి డబ్బా తూకపురాళ్ళ పెట్టెలో దాచాను. తెల్లారేసరికి మంచం పక్కన గ్లాసుడు నీళ్ళు, మాత్ర ఉన్నాయి. ఎవరు పెట్టారని అడిగితే, ఆ మాత్ర దేనికో నేను చెప్పాల్సి వస్తుంది. మింగేశాను. మిగతా నాలుగు రోజులూ అలాగే మింగాను.

ఇవాళ కాగితం చూపించి అంతా చెప్పబోతే, మీ అక్క నా రోజువారీ పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. జులై 22 దగ్గర "సూది గుచ్చుకుంది, మాత్ర ఒకటి" అనీ, ఆగస్టు 13 దగ్గర "డబ్బా రాళ్ళ పెట్టెలో" అనీ నా చేతిరాతే. "మీరు నాతో చెప్పరు గానీ పుస్తకంతో చెబుతారని పెళ్ళయిన నెలకే కనిపెట్టాను. ఇక మంచం లోపలికి తెస్తారా, అది కూడా ముందు రాసుకోవాలా?" అంది.

మీ బావ

తా.క. మంచం ఒక పక్క ఎత్తిపట్టుకుని నిలబడి పిలుస్తోంది. ఇవాళ్టి పుస్తకంలో ఇంకా రాయ—