చాప మీద పోసాని చోటు

ఆర్మూరు
ఆదివారం పొద్దున

మా అక్క లచ్చవ్వకు తమ్ముడు ముత్తెన్న కాళ్లు మొక్కి, ఎవరి చేతా రాయించకుండా సొంతంగా రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను గట్టిగానే ఉన్నాను. అక్కడ నువ్వు, బావ, నీ కొడుకు, కోడలు, మనవరాలు పోసాని, ఎర్రావు అందరూ బాగున్నారని అనుకుంటున్నాను. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఈ ఉత్తరం చదివిపెట్టే కిరాణం రాములు నెమ్మదిగా చదవాలి. నా అక్షరాలు చూసి నవ్వితే నవ్వనీ. ఒక్క ముక్క కూడా వదలొద్దని చెప్పు.

ఇది మూడో ఉత్తరం. రెండింటికీ నువ్వు జవాబు ఇవ్వలేదు. కోపమని తెలుసు. కోపం ఉంచుకో, కానీ చివరిదాకా విను. వచ్చే ఆదివారం లోపల నువ్వొక మాట తేల్చాలి.

బావి ఎండి, ఎడ్లు అమ్ముకొని ఇక్కడికి వచ్చి నాలుగు నెలలు దాటింది. ఎండలు ముదిరాయి. మార్కెట్టు నిండా పసుపు దుమ్ము, ఉమ్మితే ఉమ్మి కూడా పసుపే. రొట్టెలు నేనే కొట్టుకుంటున్నాను. అంచులు మాడతాయి, తింటాను. తిండికి లోటు లేదు, ఫికరు పెట్టుకోకు. మాట్లాడే మనిషే లేడు. ఉన్నా ఏం లాభమో ఇప్పుడు రాస్తాను.

నేను సేటు దుకాణంలో దలాలు పనికి కుదిరానని మొదటి ఉత్తరంలో రాశాను కదా. ఇక్కడ బేరం నోటితో జరగదు. కొనేవాడూ నేనూ తువ్వాల కింద చేతులు కలుపుతాం. వేళ్లు పట్టి నొక్కితే అదే ధర. పక్కనున్నవాడికి కూడా తెలియదు. బేరం కుదిరాక రైతును "ఇస్తవా?" అని అడగాలి. రైతు నోటితో ఇస్తానంటే, బస్తాలు విప్పి కొన్నవాడి కుప్పలో పోస్తారు. పోశాక ఎవరి పసుపు కొమ్ము ఎవరిదో బ్రహ్మకు కూడా తెలియదు.

అక్కా, నీకొక మాట చెప్పలేదు. నా ఎడమ చెవి పోయి రెండేళ్లయింది. కుడిచెవి కూడా దగ్గరికొచ్చి మాట్లాడితేనే పనిచేస్తుంది. తువ్వాల కింద పని కాబట్టి ఇన్నాళ్లు ఎవరికీ తెలియలేదు.

నెల కింద కమ్మర్‌పల్లి రైతు ఒకడు పసుపు తెచ్చాడు. వేళ్ల మీద ధర కుదిరింది. "ఇస్తవా పటేలా?" అని అడిగాను. అతను నా ఎడమ పక్కన ఉన్నాడు. పెదవులు కదిలాయి, తల ఊగింది. ఇస్తానన్నాడనుకొని కేక వేశాను. బస్తాలన్నీ కుప్పలో పోశారు.

అతను వచ్చి నా మెడలో తువ్వాల పట్టుకున్నాడు. "ఇయ్య, ఇయ్య అని మూడుసార్లు మొత్తుకున్న గదనే ముసలోడా! చెవుల సీసం పోసుకున్నవా? గీ ధరకమ్మితే బావి పూడికెట్ల తీయిస్త?"

జనం మూగారు. సేటు వచ్చి నా ముఖంలో ముఖం పెట్టి అడిగాడు. "ఏం ముత్తెన్నా, ఇనబడలేదా?"

"ఇనబడ్డది. ఇస్తనన్నడు. ఇప్పుడు మాట మారుస్తున్నడు" అన్నాను.

డెబ్బై ఏళ్లొచ్చి అందరి ముందు అబద్ధమాడాను. ఆ రైతు నన్ను వదిలేసి కుప్ప పక్కన కూలబడ్డాడు. కాంటా దగ్గర తూకం వేసే ఖాదర్ వచ్చి నా కుడిచెవిలో అన్నాడు. "చాచా, మూడుసార్లన్నడు. నేనిన్న."

అప్పుడు తువ్వాల తీసి సేటు చేతిలో పెట్టాను. "నాకు చెవులు ఇనరావు. గాయన ఇయ్యననే అన్నడు. తప్పు నాది" అని గట్టిగా చెప్పాను. కొన్నవాడు గునిసి గునిసి రైతు అడిగిన ధరకు ఒప్పుకున్నాడు. సేటు నన్ను దలాలు పని నుంచి తీసేసి కుప్పల కాపలాకు పెట్టాడు. మర్నాటి నుంచి హమాలీలు నన్ను చూసి పిడికిలి నోటికి పెట్టుకొని శంఖం ఊదినట్టు చేస్తున్నారు. చెవిటివాడి ముందు శంఖం అన్నమాట. చేయనీ. నేనూ ఒకప్పుడు చేసినవాణ్నే.

ఇక అసలు సంగతి. పోయిన ఏడు మన ఊరికి జీపులో ఇద్దరు వచ్చారు, గుర్తుందా? ఒక పంతులమ్మ, ఒక చెవిటి పంతులు. దేశదేశాల చెవిటివాళ్ల కోసం పనిచేసే సంఘం వాళ్లు. నీ వాకిట్లో అడ్డం నిలబడి "మా ఇంట్ల చెవిటోళ్లు లేరు, పొండ్రి" అన్నది నేనే. వాళ్లు రాకముందే పోసానిని వడ్ల గుమ్మి వెనక కూర్చోబెట్టింది కూడా నేనే. పిల్లను ఎత్తుకుపోతారని అన్నాను నీతో. అది కాదు, చెవిటి పిల్ల ఉందంటే వంశానికి మచ్చ అనుకున్నాను. అప్పటికే నా ఎడమ చెవి పోయింది. పోసాని గుమ్మి పక్కనుంచి తొంగి నా నోటికేసి చూస్తూ ఉంది. ఆనాటి నుంచి నువ్వు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ సంఘం వాళ్లు ఇప్పుడు మార్కెట్టు వెనక గది తీసుకొని బడి పెట్టారు. దలాలు పని పోయిన వారంలోనే నా అంతట నేనే వెళ్లాను. చెవిటి పంతులు నన్ను గుర్తుపట్టాడు. పలక మీద రాశాడు, "మీ ఇంట్లో లేరన్నారు." నేను దాని కింద "అబద్ధం" అని రాశాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. కూర్చోమని చాప చూపించాడు.

గోడకు ఒక ఫోటో ఉంది. ఏ ఏ దేశాలవాళ్లో, నల్లవాళ్లు, తెల్లవాళ్లు, అందరూ చెవిటివాళ్లే. అందరూ చేతులతో ఏదో చెప్పుకుంటున్నారు. ఒక్కడూ చేతులు కట్టుకొని లేడు. "మేం దానం తినెటోళ్లం కాదమ్మా" అన్నాను పంతులమ్మతో. ఆమె నా కుడిచెవి దగ్గరికి వంగి, "గిది దానం గాదు తాతా. చెవిటోళ్లకు చెవిటోళ్లే చేసుకునే పని. నీ చేతనైంది నువ్వు జెయ్యి" అంది.

చేస్తున్నాను. సేటును అడిగి పాత గోనెసంచులు తెచ్చి దులిపి పరిచాను. గది ఊడుస్తాను. రైతులకు నా ముఖం తెలుసు కాబట్టి చెవిటి పిల్లల కోసం పంతులమ్మ వాళ్లతో ఊళ్లు తిరుగుతున్నాను. దొంకేశ్వర్‌లో ఒక ముసలాయన గడపలోనే నిలబడి, "మా ఇంట్ల గసుంటోళ్లు ఎవ్వరు లేరు" అన్నాడు. "గదే మాట నేనన్న పెద్దమనిషీ. గుమ్మెనుక జూడు" అన్నాను. ఆయన లోపలికి పోయి మనవరాలి చెయ్యి పట్టుకొని వచ్చాడు. అది ఏడో పిల్ల.

ఎనిమిది మంది లేకపోతే ఈ గది మూసి బడిని వేరే ఊరికి మారుస్తారట. హైదరాబాదు నుంచి సంఘం పెద్ద వచ్చే ఆదివారం మర్నాడు, సోమవారం, లెక్క చూడడానికి వస్తున్నాడు. ఎనిమిదో పేరు నాది రాయించాను. పంతులమ్మ నవ్వుతూనే రాసింది కానీ, "పెద్దాయన ముందు నీ పేరు నిలవది తాతా, పిల్ల గావాలె" అంది. నేను రోజూ పిల్లల నడుమ చాప మీద కూర్చుంటున్నాను. అది నా చోటు కాదు అక్కా, పోసానిది. పట్టి ఉంచానంతే.

నీ కొడుకు, కోడలు ఏమంటారో తెలుసు. వాళ్లకు చెప్పు. రాత్రి పంతులమ్మ దగ్గరే పడుకుంటుంది. తిండికి లోటు ఉండదు. పండుగలకు ఇంటికి వస్తుంది. ఎవరూ ఎక్కడికీ ఎత్తుకుపోరు, నేను ఇక్కడే ఉన్నాను. మళ్లీ చెబుతున్నాను, నేను ఇక్కడే ఉన్నాను. ఆనాడు తప్పు చేసింది నేను, నా మీది కోపం పిల్ల మీద తీర్చుకోవద్దు. నేను ఎవరినీ బతిమాలినవాణ్ని కాదు. నిన్ను బతిమాలుతున్నాను.

ఆదివారం భీమ్‌గల్‌ నుంచి వచ్చే పొద్దుటి బస్సు కోసం నిలబడతాను. వచ్చేటప్పుడు కొంచెం చింతపండు తేవాలి. పోసాని ఆడుకునే చింతగింజలు మరిచిపోవద్దు. బస్సులోంచి నన్ను పిలవకు, వినబడదు. చెయ్యి ఊపు. పోసాని దిగగానే ఎప్పటిలాగే నా నోటికేసి చూస్తుంది. ఈసారి నోరు మూసుకొని చేతులు చూపిస్తాను. "రా" అనడం నేర్చుకున్నాను.

బావకు నా దండాలు. ఊళ్లో పెద్దలందరినీ అడిగానని చెప్పు. కోపం పోకపోయినా సరే, నన్ను దీవించు.

నీ మనవరాలి చోటులో కూర్చుని ఉన్న
నీ తమ్ముడు
ముత్తెన్న