వెనక తేదీ రాసిన ఫోటో

1984, శుక్రవారం రాత్రి, అబుదాబి

ఒకరి ఫోటో తీసి దాచుకుంటే అది తీసినవాళ్లదా, అందులో ఉన్నవాళ్లదా? ఏళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ముసఫ్ఫా అవతల మట్టి ట్రాక్ మీద ఈ రాత్రి మోటార్‌సైకిల్ పందేలకు కెమెరాతో వెళ్లాను. ప్రతిసారీ ముందుండే నెల్లూరు ఖాజా ఈసారి బండి లేకుండా నిలబడి ఉన్నాడు.

“ఏందక్కా, జొరమని లీవు పెట్టి పందెం తోలిన రోజు ఫోటో మా ముదీర్ కాడికి ఎట్టబోయింది? వెనక తేదీ గూడా మీ చేతిరాతేనంట. నా ఉద్యోగం ఖలాస్. తీయండి, ఇంకో ఫోటో తీయండి.”

ఇంటికొచ్చి చూస్తే సొరుగులో ఆ ఫోటో లేదు. మా ఆయన పనిచేసేదీ ఖాజా కంపెనీలోనే. అడిగితే పేపరు దించకుండా, “బాగా తీశావని మేనేజరుకి సరదాగా చూపించానోయ్” అన్నారు. పదిహేనేళ్ల కాపురంలో నా ఫోటో బాగుందనడం ఇదే మొదటిసారి. సెలవు చీటీలన్నీ ఆయన బల్ల మీదుగానే వెళ్తాయి.

తెలిసే చేశారనిపిస్తోంది. ఖాజాకి ఈయన పేరు చెప్పాలా, నింద నేనే మోయాలా? తేల్చుకోలేకపోతున్నాను.