సౌనా వెలిగించని వారం

ఆగస్టు 20, సోమవారం. ఉదయం 7.
నాకు అక్షరం రాదు. బడికెళ్ళే వయసంతా ఆవుల వెంట గడిచింది. నేను చెబుతాను, ఆడపడుచు సైమి రాస్తుంది. మధ్యలో నీ సొంత తెలివి కలపకు, సైమీ. ఇదీ రాయి.

మా ఆయన ఐనో పోయి ఏడాది. ఏటా వేసవి ఆఖరి డాన్సులో ఒకే పాత టాంగో పాటకి తనతో ఆడమని నన్ను పిలిచేవాడు. ఈ శనివారం సరస్సు ఒడ్డు హాల్లో ఆ టాంగో నేను వాయించిందే మోగాలి. మగ్గం ఇచ్చేసి పాత సింథసైజరు, టేపు రికార్డరు తెచ్చుకున్నాను.

హాలు చూసుకునే తౌనో నవ్వాడు. “ఆ కరెంటు పెట్టెకి టాంగో ఏం తెలుసు హిల్మక్కా? శనివారం ఆరింటికి టేపు రాకపోతే నా అకార్డియనే.”
“నీ అకార్డియన్ తిత్తికి ఆయాసం. ముందు దానికి మందు పోయించు!”

సింథసైజరు, మైకు మా ఆవిరి స్నానాల గదిలో, అదే సౌనాలో, రికార్డరు గుమ్మం బయట. చుట్టూ చెక్క గోడలు, ఎంత నిశ్శబ్దమో! ప్రతిజ్ఞ: పాట పూర్తయ్యేదాకా పొయ్యి వెలిగించం. ఆవిరి లేకపోతే చస్తామా?

సాయంత్రం 4. పాట కింద మోగే మంద్రస్వరం, బేస్, టేపుకెక్కింది. నేను పులినే!

మంగళవారం.
బకెట్టు స్నానం. “వదినా, పిల్లి కూడా ఇంతకంటే బాగా కడుక్కుంటుంది” అంది సైమి.

బుధవారం.
చలి. వేళ్ళు వంగలేదు. పొయ్యిలో నాలుగు కట్టెలు. ఇది వెలిగించడం కాదు, వెచ్చబెట్టడం. అలాగే రాయి.
బేస్ మీద పాట ఎక్కించి విన్నాం. రెండు పిల్లుల పోట్లాట! వేడి తగిలితే ఈ పెట్టె శ్రుతి మారుతుంది. బేస్ చలిది, పాట వేడిది.

గురువారం.
నా వాదన: అంతా చలిలో వాయించాలి, లేదా అంతా వేడిలో. వేళ్ళు వేడిలోనే ఆడతాయి. కనుక వెలిగించింది పాట కోసమే. ఇందులో నా తప్పేముంది?
యాభై డిగ్రీలు. బట్టలు విప్పేసి బేస్ మళ్ళీ వాయించాను. అబ్బ, ప్రాణం లేచొచ్చింది!

శుక్రవారం. సాయంత్రం 5.
మళ్ళీ యాభై అనుకున్నాం. అరవై ఐదయింది. ఆ కట్టెలెవరు వేశారో ఇద్దరం ఒప్పుకోవడం లేదు.
పాడుతూ వాయిస్తున్నాను. మూడో చరణం. పై బల్ల మీద సైమి కళ్ళు మూసుకుని తాళం వేస్తోంది. సైమి చెయ్యి దానంతటదే గరిటె అందుకుంది. పొయ్యి మీది వేడి రాళ్ళపై నీళ్ళు, గదంతా ఆవిరి! శ్‌శ్‌శ్! సింథసైజరు ఒక్క కేక పెట్టి ఊరుకుంది.
“ఏం చేశావే!”
“అలవాటు వదినా! డెబ్బై ఏళ్ళ అలవాటు!”
తిట్టాను. తర్వాత నేనూ ఓ గరిటె పోశాను. ఎలాగూ పోయింది కదా.

శనివారం.
టేపు ఉన్నదున్నట్టు ఇచ్చాను. రెండు చరణాలు మోగాయి, శ్రుతి పైకి పైకి పోతూ. తర్వాత శ్‌శ్‌శ్, కేక, హాలంతటికీ వినిపించేలా నా తిట్టు. నవ్వారు. డాన్సు చేసే కాళ్ళు మాత్రం ఆగలేదు! ఎవరో కూనిరాగం తీశారు, హాలంతా అందుకుంది.
తౌనో వచ్చి డాన్సుకి రమ్మన్నట్టు నా ముందు వంగాడు. “ఐనో చోటు నాకొద్దు. ఈ మిగిలిన చరణం వరకే.”
వెళ్ళాను.

ఆదివారం.
ఆరబెట్టిన సింథసైజరు పలికింది! ఒక్క మీట తప్ప. మూడో చరణం బాకీ. వచ్చే వేసవికి పూర్తి పాట. ప్రతిజ్ఞ: రేపటి నుంచి సౌనా వెలిగించేది లేదు. రేపటి నుంచి, సైమీ, సరిగ్గా రాయి.
“మరి ఇవాళ, వదినా?”
కలం పక్కన పెట్టు. కట్టెలు తే.