చిన్నా పంచిన వాగ్దానాలు

28 డిసెంబర్

తమ్ముడు చిన్నా ల్యాప్‌టాప్ తుడిచాను. సెప్టెంబర్‌లో వాడు పోయినప్పటి నుంచి ఎవరూ తెరవలేదు.

కొత్త సంవత్సరం రోజున మా చర్చి సంఘంలో ఒక్కొక్కరికి ఒక్కో బైబిల్ వాగ్దాన వాక్యం వచ్చేది ఇందులోంచే. మునుపు డబ్బాలో కార్డులు ఉండేవి. వాటి బదులు చిన్నా ఇందులో ఒక ప్రోగ్రామ్ రాశాడు. అందులో ఒక లూప్, పని అయ్యేదాకా మళ్ళీ మళ్ళీ తిరిగేది. రాండమ్‌గా ఒక వాక్యం నంబర్ తీస్తుంది. ఇచ్చేసిన వాటి పట్టికలో ఉంటే వదిలేసి ఇంకొకటి తీస్తుంది. ఒకరికిచ్చిన మాట ఇంకొకరికి ఇయ్యదక్కా, మనుషుల లెక్క కాదు అని నవ్వేవాడు.

1 జనవరి

ఛత్తీస్‌గఢ్ అడవుల్లో, సుక్మాలో వాడితో పనిచేసిన నవీన అక్కడి నుంచి వచ్చి ప్రోగ్రామ్ నడిపింది. అందరికీ వచ్చాయి. చివర చెల్లెలు రేణుక బిడ్డ బుజ్జి, నవంబర్‌లో పుట్టింది. దాని పేరు దగ్గర తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

సంఘంలో ఎందరుంటే అన్ని వాక్యాలే పెట్టాడట. ఇప్పుడు ఏ నంబర్ తీసినా ఇచ్చేసిందే. అన్నీ అయిపోతే ఆగమని రాయలేదట. తర్వాత నవీన గొంతు తగ్గించింది. లిస్టులో చిన్నా పేరు ఇంకా ఉందట. ఒక వాక్యం వాడికి పోయిందట. ఆ పేరు తీసేస్తే ఆ వాక్యం బుజ్జికి వస్తుందట.

వద్దన్నాను.

అదే రోజు, సాయంత్రం

పాస్టర్ రాఘవులు గారు కాగితం మీద ఒక వాక్యం రాసిస్తానన్నారు. రేణుక ఒప్పుకోలేదు.

"మేనమామ చేతుల మీదుగనే రావాలె అక్కా. పుట్టెంటికలకు ఒళ్ళో కూసోబెట్టుకునేటోడు లేకపాయె. ఇదన్న ఇయ్యనియ్యి."

నవీన ల్యాప్‌టాప్ కట్టెయ్యబోతే ఆపాను. తిరగనిమ్మన్నాను.

2 జనవరి

తిరుగుతోంది.

3 జనవరి, ఉదయం

ల్యాప్‌టాప్ మీద చేయి వేశాను. కాలుతోంది. మలేరియా మెదడుకు ఎక్కినప్పుడు వాడి నుదురు ఇలాగే ఉండేది. ప్రభువా, చల్లబరచు అని ఆస్పత్రిలో అదే ప్రార్థన. తెల్లారేసరికి చల్లబడింది. నర్సు వచ్చి నాడి చూసేదాకా నేను స్తోత్రం చెప్తూనే ఉన్నాను.

పక్క గదిలో బుజ్జి ఏడుస్తోంది. రేణుక జోకొడుతూ, మీ మామ ఇస్తాడు, ఇస్తాడు అంటోంది.

నవీనకు ఫోన్ చేశాను. నేనొచ్చి తీస్తా పెద్దక్కా, మీరు చూడొద్దు అంది. ఏది నొక్కాలో చెప్పమన్నాను.

3 జనవరి

చిన్నా పేరు తీసేశాను. బుజ్జికి వచ్చింది.

చక్రం ఆగింది. ల్యాప్‌టాప్ చల్లబడుతోంది. చేయి ఇంకా దాని మీదే ఉంది.