దోసెల పెనం, అప్పీలు, నీ పెళ్లి

చిరంజీవి రవికి,

అక్క దీవెనలు. అమ్మా నాన్నా నువ్వూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మేం బాగానే ఉన్నాం. నిజంగా బాగానే ఉన్నాం, కంగారు పడకుండా చదువు. ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెడతావు, వీధంతా వింటుంది. అందుకే ఉత్తరం.

ఇక్కడ అమెరికాలో, మా ఇర్వింగ్‌లో ఎండలు మండిపోతున్నాయి. తిండికి లోటు లేదు, గోంగూర కూడా దొరుకుతోంది. మీ బావ ఆఫీస్‌కి వెళ్లాక మాట్లాడే మనిషే దొరకడం లేదు.

అసలు సంగతి విను. ఆ మధ్య ఒక షాపులో, మన సామాను మనమే స్కాన్ చేసుకునే చోట, కార్ట్‌లో నీళ్ల సీసాల కట్ట కింద ఉన్న దోసెల పెనం నా కంటపడలేదు. తలుపు దగ్గర గార్డ్ ఆపాడు. సిగ్గుతో చచ్చినంత పనైంది. చేతులు జోడించి, "సారీ, సారీ, ఇప్పుడే పే చేస్తాను" అన్నాను. పొరపాటున ఎవరికైనా కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం కదరా, అలాంటిదే అది. వాళ్లేమో నేరం ఒప్పుకున్నాననుకుని పోలీసుని పిలిచారు. సిటీ కోర్టులో జడ్జిగారు, నేను చేతులు జోడించడం షాపు కెమెరాకి చిక్కిన వీడియో చూసి, దొంగతనం చేశానని తీర్పిచ్చేశారు. నన్ను దొంగ అన్నారురా! ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను.

మీ బావ సంగతి తెలుసుగా, మెత్తని మనిషి. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకే? ఫైన్ కట్టేసి, హాయిగా మీ తమ్ముడి పెళ్లికి వెళ్లిరా" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

"మిమ్మల్ని దొంగ అంటే ఇలాగే కట్టేసి ఊరుకుంటారా?" అన్నాను.

మర్నాడు ఆయనే లాయర్‌ని వెతికిపెట్టారు. అప్పీలు వేశాం. పై కోర్టులో మళ్లీ మొదటి నుంచీ విచారిస్తారట. లాయరమ్మ నెమ్మదస్తురాలు. తప్పు చేయనిదానివి సారీ ఎందుకు చెప్పావని తప్పకుండా అడుగుతారు, నీ మాటల్లోనే చెప్పు అంది. కూర కలుపుతూ రోజూ ఇంగ్లీషులో ఆ కాలు తగలడం కథే చెప్పుకుంటున్నాను. పొయ్యికి ఈపాటికి కంఠతా వచ్చుంటుంది.

ఇక కష్టమైన మాట. ఆ విచారణ సరిగ్గా నీ పెళ్లి వారంలోనే పడింది. వాయిదా అడిగితే ఇవ్వలేదు. నేను హాజరు కాకపోతే అప్పీలు పోయినట్టే. రాలేనురా, నాన్నా. ముహూర్తం మాత్రం మార్చొద్దు. కొంగుముడి వేయడానికి పిన్ని కూతురు సుజాతని పిలువు. గుమ్మంలో మీ ఇద్దరినీ ఆపి పేర్లు చెప్పించే పని కూడా దానికే అప్పగించు, గడుసుది, తేలిగ్గా వదలదు.

అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు. కేసు నెగ్గాలని వాళ్లని దీవించమను. మరదలికి ముద్దులు.

ఒక్కటే అడుగుతున్నాను. ఆడపడుచు ఏదని మీ అత్తవారు అడిగితే, ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పకు. మా అక్కని దొంగ అన్నారు, కాదని చెప్పడానికి అక్కడే ఉండిపోయింది అని పందిట్లో అందరి ముందూ చెప్పు.

మీ అక్క,
లలిత